కందెన కబుర్లు

పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి మొట్టమొదట అడిగేది, "అబ్బాయి యేం చేస్తున్నాడు?" అని. "బ్యాంకులో" అంటే కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటాడు. "వుక్కు ఫ్యాక్టరీలో" అంటే కాఫీ గ్లాసు పక్కన పెట్టి శ్రద్ధగా వింటాడు. "కందెన అమ్ముతాడండీ" అంటే మాత్రం ఆముదం తాగిన ముఖం పెడతాడు.

పాపం, ఆయన్ని అనవలసింది లేదు. కందెన అనగానే మనకు జ్ఞాపకం వచ్చేది యెద్దుబండి. ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు, అది అంటిన పంచె, ఆ పంచె చూసి బామ్మగారు పెట్టిన కేకలు. అటువంటి జిడ్డును అమ్ముకుని ఒక చదువుకున్న కుర్రవాడు యిస్త్రీ చొక్కా తొడుక్కుని, మోటారు సైకిలు మీద తిరిగి, సంసారం నడుపుకొస్తున్నాడంటే నమ్మటం కష్టమే. అందుకే కంపెనీలవారు తెలివిగా పేరు మార్చారు. ఆ కుర్రవాడి కార్డు మీద "ఇండస్ట్రియల్ లూబ్రికెంట్స్" అని వుంటుంది. పెళ్ళిపెద్ద ఆ కార్డును అటూ యిటూ తిప్పి చూసి, "ఓహో, ఇంజనీరన్నమాట" అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు.

విశాఖపట్నంలో యీ జాతి ఏజెంట్లకు కొదవలేదు. వుండదు కూడా. ఒకపక్క రేవు, మరోపక్క ఓడల కర్మాగారం, మల్కాపురం వైపు చమురు శుద్ధి కర్మాగారం, గాజువాక దాటితే వుక్కు కర్మాగారం. తిరిగేదీ, జారేదీ, దొర్లేదీ, యెత్తేదీ, దించేదీ యేదైనా సరే, దాని కీలులో యింత కందెన పడితేనే పని సాగేది. ఈ వూళ్ళో కదలకుండా వున్నది డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక్కటే. దానిమీది దీపస్తంభంలో దీపం కూడా తిరిగేదే!

ఈ ఏజెంట్ల కోసం కంపెనీలు ప్రత్యేకంగా కబుర్ల పత్రికలు వేస్తుంటాయి. బయటివాళ్ళకు దొరకవు గాని, దొరికితే వదలకుండా చదవతగినవి. మొదటి పేజీలో జనరల్ మేనేజరుగారి సందేశం వుంటుంది. దాన్ని యెవరూ చదవరు. రెండో పేజీలో వుంటుంది అసలు సంగతి: అమ్మకాల పందెం. ఒకసారి గుర్రపు పందెంలాగా, మరోసారి క్రికెట్ ఆటలాగా బొమ్మ వేసి, యే ఏజెంటు యెన్ని పీపాలు అమ్మాడో చూపిస్తారు. విశాఖ గుర్రం ముందు పరుగెత్తుతుంటే విజయవాడ గుర్రం ముక్కు మాత్రమే బొమ్మలో కనిపిస్తుంటుంది. గెలిచినవాడికి ప్రెషర్ కుక్కరో, గోడ గడియారమో, మరీ దండిగా అమ్మితే సకుటుంబంగా వూటీ ప్రయాణమో బహుమానం. మూడో పేజీలో బదిలీలు, పెళ్ళిళ్ళు, జననాలు. ఏజెంటుగారికి పిల్లవాడు పుడితే, "కొత్త సరుకు దిగింది. నికర బరువు మూడు కిలోలు. కారటం మాత్రం యింకా ఆగలేదు" అని వేస్తారు. కందెనవాళ్ళ హాస్యం అలాగే వుంటుంది లెండి, కొంచెం జిడ్డుగా.

కంపెనీ పత్రికల ఆచారం యీనాటిది కాదు. టెక్సాకో అనే అమెరికా కంపెనీ 1911లోనే "లూబ్రికేషన్" అని ఒక పత్రిక మొదలుపెట్టింది. అందులో హాస్యం లేదు, బేరింగుల సంగతులే. ఆ కంపెనీకీ మన విశాఖకూ ఒక బంధుత్వం వున్నది. అదీ, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిలు కంపెనీ కలిసి 1936లో పెట్టిన వుమ్మడి కాపురం పేరే కాల్టెక్స్. ఆ కాల్టెక్స్‌వారే 1957లో విశాఖలో చమురు శుద్ధి కర్మాగారం నడపటం మొదలుపెట్టారు. ఆనాడు దాని శక్తి యేడాదికి ఆరు లక్షల డెబ్బై అయిదు వేల టన్నులు. 1976 చివర ప్రభుత్వం దాన్ని తీసుకుని, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపింది. తరువాత పెంచుతూ పోయి కోటిన్నర టన్నుల స్థాయికి తెచ్చారు. తమాషా యేమిటంటే, యిక్కడ తీసేది ముఖ్యంగా పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు, రోడ్లకు వేసే తారు వగైరాలు. కందెనలకు కావలసిన మూలనూనె తీసే పెద్ద కర్మాగారం ఆ సంస్థకు ముంబాయిలో వున్నది. పెరట్లో పాడి పెట్టుకుని నెయ్యి పొరుగూరినుంచి తెప్పించుకున్నట్లన్నమాట.

ఆముదం మాట యెత్తాను గదా, అది వూరికే వచ్చిన పోలిక కాదు. మన బండి కందెన ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసుకున్నదే. వెనుకటి రోజులలో మనదేశపు రైళ్ళకు కూడా ఆముదమే పోసేవారు. లండనులో వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో కందెనల కంపెనీ పెట్టి, కొత్తగా వచ్చిన మోటారు బళ్ళకూ విమానాలకూ నూనె చేయబోయి, అందులో ఆముదం కలిపి చూశాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. ఇంగ్లీషులో ఆముదాన్ని క్యాస్టర్ ఆయిలు అంటారు గనుక 1909లో ఆ నూనెకు "క్యాస్ట్రాల్" అని పేరు పెట్టాడు. ఈనాడు లారీల షెడ్డుల గోడల మీద కనిపించే ఆ యెర్ర అక్షరాల పుట్టిల్లు మన ఆముదపు చెట్టేనని యెంతమందికి తెలుసు?

మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల ఇంజన్లు కొన్ని గిరగిర మొత్తం తిరిగేవి. వాటిలో ఆముదం పోస్తే పెట్రోలులో కలిసి పలచబడిపోదని దానినే పోసేవారు. పోసిన ఆముదం ఇంజనులో నిలవక తుంపరగా బయటికి వచ్చి పైలటుగారి ముఖాన పడేది. ఆకాశంలో శత్రువుతో పోరాడి, ప్రాణాలు దక్కించుకుని దిగిన వీరుడు, దిగీదిగగానే యెటు పరుగెత్తేవాడో వేరే చెప్పనక్కరలేదు. మన పిల్లలకు పండగ ముందు ఆముదం పట్టిన అమ్మమ్మలకు యీ సంగతి తెలిస్తే యెంత సంతోషించి వుండేవారో!

సరే, యింతకూ కందెన చేసే పని యేమిటి? "జారుడుగా వుంటుంది, అంతే గదా" అని అందరమూ అనుకుంటాం. 1883 వరకు ఇంజనీర్లు కూడా యించుమించు అంతే అనుకున్నారు. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఆయన రైలుపెట్టె బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయటానికి ఒక బేరింగు నెత్తిన చిల్లి వేశాడు. ఇరుసు తిరగటం మొదలుపెట్టగానే ఆ చిల్లిలో నుంచి నూనె యెదురు తన్ని పైకి వచ్చింది. ఇదేమిటని బిరడా బిగించాడు. బిరడాను కూడా తోసిపారేసింది. చివరికి ఆ చిల్లికి ఒత్తిడి కొలిచే గడియారం బిగించి చూస్తే లోపల అంతులేని ఒత్తిడి! అప్పుడు తెలిసింది: తిరిగే ఇరుసు నూనెను తనతో లాక్కుపోయి, తనకూ బేరింగుకూ నడుమ సన్నని పొరగా పరుచుకుంటుంది. ఇనుమును ఇనుము తాకనే తాకదు. రైలుపెట్టె బరువంతా ఆ నూనెపొర మీద తేలుతుంటుంది. మూడేళ్ళకు, 1886లో, ఆస్‌బర్న్ రేనాల్డ్స్ అనే పండితుడు దీనికి లెక్క కట్టి యిచ్చాడు. ఈనాటికీ ఇంజనీరింగు పిల్లలను పరీక్షలలో యేడిపిస్తున్న లెక్క అదే.

ఆ పొర మందం యెంతనుకున్నారు? మన తలవెంట్రుక మందంలో పదో వంతు, యిరవయ్యో వంతు. అంత సన్నని తెర మీద యింత నగరమూ నిలబడి వున్నది.

విశాఖలో కందెనకు జరిగిన గొప్ప మర్యాద 1948 మార్చి 14న జరిగింది. సింధియా కంపెనీవారు కట్టిన "జలఉష" ఓడను ఆ రోజున జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోకి వదిలారు. ఎనిమిదివేల టన్నుల సరుకు మోయగల ఓడ. స్వతంత్ర భారతదేశంలో అంత ఓడ నీటిలోకి దిగటం అదే మొదలు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఆ ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. మరుసటి యేడు ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. అన్నిటినీ తట్టుకుని కట్టిన ఓడ అది. ఫోటోలలో నెహ్రూగారు కనిపిస్తారు, పూలదండలు కనిపిస్తాయి, జనసముద్రం కనిపిస్తుంది. ఓడ కింద పూసిన కొవ్వును మాత్రం యే ఫోటోగ్రాఫరూ తీయలేదు.

ఏటవాలు మీద ఓడలను దింపే పద్ధతిలో సంగతంతా ఆ కొవ్వులోనే వున్నది. నేలమీద వాలుగా పరిచిన దుంగల బాట ఒకటి, ఓడ అడుగున బిగించిన దుంగల బాట మరొకటి. రెంటి నడుమ ముందుగా గట్టి కొవ్వు మందంగా మెత్తుతారు. ఆ పొర బరువు మోస్తుంది. దానిమీద మెత్తని గ్రీజో, సబ్బో, నూనెతో కలిపినదో మరో పూత పూస్తారు. అది జారుస్తుంది. ఎండ యెక్కువైతే కొవ్వు కరుగుతుంది, చలి యెక్కువైతే బిగుసుకుంటుంది. ముహూర్తం మాత్రం ముందే పెట్టి, పెద్దలను పిలిచేసి వుంటారు. పీట మీద పెళ్ళికొడుకు కదలనని కూర్చుంటే పెళ్ళివారి గతి యేమిటి? అటువంటి పెళ్ళి ఒకటి ఇంగ్లండులో నిజంగానే జరిగింది. బ్రూనెల్ అనే మహా ఇంజనీరు "గ్రేట్ ఈస్టర్న్" అని ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడను కట్టి, దుంగలకు బదులు ఇనుప పట్టాల మీద ఇనుప పట్టీలు జార్చాలని చూశాడు. 1857 నవంబరు 3న వేలమంది చూస్తుండగా ఓడ నాలుగడుగులు కదిలి ఆగిపోయింది. తోసి తోసి, నీటి ఒత్తిడి యంత్రాలు తెచ్చి నెట్టి, నీటిలోకి దింపేసరికి 1858 జనవరి 31 వచ్చింది. ఇనుము మీద ఇనుము పంతం పడితే మూడు నెలలు!

ఇక రేవుకు వద్దాం. 1960ల చివరినుంచి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కొత్తవలస రైలుమార్గం మీదుగా విశాఖ చేరి జపాను ఓడలెక్కసాగింది. రైలు దగ్గరనుంచి ఓడదాకా ఖనిజాన్ని మోసే రబ్బరు పట్టీల కింద వేలకొద్దీ రోలర్లు దొర్లుతుంటాయి. ప్రతి రోలరుకూ రెండు చివర్లా బేరింగులు, ప్రతి బేరింగులోనూ గ్రీజు. పక్కనే సముద్రం, గాలినిండా వుప్పు. పైనుంచి రాలేది ఇనుపధూళి. ఆ ధూళి గ్రీజులో కలిసిందా, అది యిక కందెన కాదు, ఆకురాయి. "ఏటి బాబూ, నిన్న యెట్టిన గ్రీజు యేళ కర్రకర్రమంటంది" అని ఫిట్టరు అంటే, ఏజెంటు మోకాళ్ళమీద కూర్చుని రెండువేళ్ళ మధ్య ఆ గ్రీజు నలిపి చూడవలసిందే. కళ్ళజోళ్ళవాళ్ళు కాగితాలలో చూసేది అతను వేళ్ళతో చూస్తాడు. సాయంత్రం ఆ వేళ్ళతోనే అన్నం కలుపుకోవాలి గనుక యింటికి రాగానే కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుగుకుంటాడు. అయినా శ్రీమతికి వాసన తెలుస్తుంది. "ఏమండీ, యివాళ రేవుకా, వుక్కుకా?" అని వాసన పట్టే అడగగల యిల్లాండ్రు వున్నారు.

వుక్కు కర్మాగారం కథ వేరు. అక్కడ శత్రువు వేడి. కొలిమి పక్కన పనిచేసే యంత్రాలలో మామూలు నూనె పోస్తే, గొట్టం పగిలిననాడు నూనె చిమ్మి భగ్గుమంటుంది. అందుకని అటువంటిచోట్ల నీళ్ళు కలిసిన ఒకరకం ద్రవం వాడతారు. నిప్పు తగిలినా సులభంగా అంటుకోదు. "నీళ్ళు కలిపి అమ్ముతాం" అని ధైర్యంగా చెప్పుకోగల వ్యాపారి లోకంలో ఆ ఏజెంటు ఒక్కడే. పాలవాడు వింటే అసూయపడతాడు.

ఇప్పుడు కంపెనీ పత్రికలో పడని సంగతి ఒకటి చెప్పాలి. మార్చి నెలాఖరు వచ్చిందనుకోండి. ఏజెంటుకు యింకా నలభై పీపాల కోటా మిగిలివుంది. గుర్రం బొమ్మలో వెనకబడ్డాడు. పై ఆఫీసునుంచి రోజుకు మూడు ఫోన్లు. ఇంట్లో పిల్లలు వూటీకి స్వెట్టర్లు కూడా కొనిపించారు. అటువంటి సమయంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సు ఆఫీసరు, "గ్రీజు రెట్టింపు పంపండి, మావాళ్ళు యీమధ్య బేరింగులు వేడెక్కుతున్నాయని ధారాళంగా పట్టిస్తున్నారు" అంటాడు. నోట్లో లడ్డూ పడ్డట్టే గదా?

కాని ఏజెంటుకు తెలుసు, ఆ బేరింగులు వేడెక్కుతున్నది గ్రీజు చాలక కాదు, యెక్కువై. బేరింగు కడుపునిండా గ్రీజు కుక్కితే లోపలి గుండ్లు దాన్ని చిలకలేక చిలుకుతూ వేడి పుట్టిస్తాయి. వేడికి నూనె విడిపోయి కారిపోతుంది, సీలు తన్నుకుపోతుంది, చివరికి ఎండిన బేరింగు మాడిపోతుంది. ఇంకా ఘోరం ఒక జాతి గ్రీజులో మరో జాతి గ్రీజు కలపటం. లిథియం సబ్బుతో చేసినదీ, బంకమన్నుతో చేసినదీ కలిస్తే చాలాసార్లు రెండూ చెడి నీళ్ళలా కారిపోతాయి. ఆ బేరింగు ఫ్యానుదైతే పోనీ అనవచ్చు. కరిగిన వుక్కు కుండను మోసే క్రేనుదైతే? దాని కింద మనుషులు తిరుగుతుంటారు.

అప్పుడు ఏజెంటు చేయవలసినది, "అయ్యా, రెట్టింపు వద్దు, యిప్పుడు వాడేదాంట్లో సగం చాలు" అనటం. ఆ మాట అన్న క్షణాన అతని గుర్రం యింకో రెండడుగులు వెనక్కుపోతుంది. ప్రెషర్ కుక్కరు పక్కింటికి పోతుంది. స్వెట్టర్లు పెట్టెలో పడతాయి. అయినా ఆ మాట అన్నవాళ్ళు వున్నారు. యెందుకన్నారయ్యా అంటే పెద్ద కారణాలేమీ చెప్పరు. "మళ్ళీ ఆ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కాలి గదండీ" అంటారు. అది కొంత వ్యాపారం, కొంత భయం, కొంత మరేదో. ఆ మరేదో లేనివాడికి యీ వుద్యోగం సుఖంగానే వుంటుంది, ఒకటి రెండేళ్ళు.

పత్రిక నడిపేవారినీ తప్పుపట్టలేం. అమ్మిన పీపా కనిపిస్తుంది, లెక్కకు వస్తుంది. ఆగకుండా నడిచిన యంత్రాన్ని వార్తగా యెలా వేస్తారు? "గత నెలలో ఫలానాచోట యేమీ జరగలేదు" అని శీర్షిక పెడితే యెవరు చదువుతారు?

ఆ "యేమీ జరగకపోవటం" ఖరీదు మాత్రం ఒకసారి లెక్క కట్టారు. 1966 మార్చిలో బ్రిటనులో పీటర్ జోస్ట్ అనే కందెన నిపుణుని కమిటీ ప్రభుత్వానికి ఒక నివేదిక యిచ్చింది. రాపిడినీ అరుగుదలనూ సరిగా చూసుకుంటే ఆ దేశపు పరిశ్రమకు యేడాదికి 51 కోట్ల 50 లక్షల పౌండ్లు మిగులుతాయని అందులో అంచనా వేశారు. రాపిడి శాస్త్రానికి గ్రీకు మాటతో "ట్రైబాలజీ" అని పేరు కూడా ఆ నివేదికే పెట్టింది. అదే 1966లో మనవాళ్ళు విశాఖకు వుక్కు కర్మాగారం కావాలని ఆందోళన చేశారు, 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి కొలిమి "గోదావరి" 1990లో వెలిగింది. అంత ఖరీదు పెట్టి తెచ్చుకున్న కర్మాగారంలో పిడికెడు గ్రీజు తేడావల్ల ఒక మర ఆగిందంటే, యెవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

కందెన విలువ వూరంతటికీ ఒక్కసారిగా తెలిసింది 2014 అక్టోబరు 12న. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడి, విమానాశ్రయం పైకప్పు లేపుకుపోయింది. కరెంటు పోయింది, వుక్కు కర్మాగారం ఆగిపోయింది. మంచినీళ్ళకూ పాలకూ జనం బారులు తీరారు. నీళ్ళు తగ్గాక మోటార్లు, పంపులు, క్రేనుల వంతు వస్తుంది. వుప్పునీరు జొరబడిన బేరింగును విప్పి, కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టనిదే స్విచ్చి వేయకూడదు. వేస్తే అంతే సంగతులు. అటువంటప్పుడు కోటా అడిగేవాడు వుండడు. "యెక్కడున్నారు, యెంతసేపట్లో వస్తారు?" అని అడిగేవాళ్ళే.

కందెన ఏజెంటుకు ఫ్యాక్టరీలతో పోయే బాధలు కొన్నైతే, బంధువులతో వచ్చేవి కొన్ని. ఏ పెళ్ళికి వెళ్ళినా, "ఒరే అబ్బాయ్, మీ కంపెనీ మోబిలాయిలు ఒక సీసా తెచ్చిపెట్టరా" అని ఒక బాబాయిగారు అడుగుతారు. మోబిల్ అనేది వేరే కంపెనీవారి పేరు. అది మనదేశంలో యింజను నూనెలన్నిటికీ వాడుకపేరైపోయింది. పోటీ కంపెనీవాడి పేరుతో తన సరుకు అడిగించుకునే యోగం యీ ఏజెంట్లకే పట్టింది. పిన్నిగారు అడిగేది మాత్రం కుట్టుమిషను నూనె. అది అడగవలసినదే. చాలా యిళ్ళలో కుట్టుమిషనుకు తలకు రాసుకునే కొబ్బరినూనె వేస్తారు. నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది. తరువాత ఆ నూనె గాలికి జిగురై, దుమ్ము పట్టి, సంక్రాంతి చలికి గడ్డకట్టి, సరిగ్గా పరికిణీలు కుట్టవలసిన సమయంలో మిషను మొరాయిస్తుంది. పలచటి మిషను నూనె చిన్న సీసా తెచ్చుకోండి. ముందు పాత జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఒక్కొక్క చిల్లిలో ఒక్కొక్క చుక్క వేసి, దారం యెక్కించకుండా పాతగుడ్డ మీద కాసేపు తొక్కండి. రెండోచుక్క వేయబుద్ధి అవుతుంది. వేయకండి, అది పరికిణీ మీదే పడుతుంది.